పిండి ముద్ద

మా ఆయన మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక వచ్చే డిపెండెంట్ ఉద్యోగం వద్దని మా పెద్దోడు గ్రాఫిక్స్ నేర్చుకోవడానికి హైదరాబాద్ పోయాడు. అప్పటి నుంచి తండ్రీకొడుకులకు సరిగా మాటల్లేవు. 30 ఏళ్ళు బాయిపని చేసిన మనిషికి కంప్యూటర్ ముందు కూర్చోవడం పనిలా కనిపించదు మరి!

దసరాకు వచ్చినవాడు వంటింట్లో నేను కలిపిన చపాతీ పిండిని వేలితో నొక్కుతూ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. "నేను కంప్యూటర్ల చేసిన ముద్దను నొక్కితే చిక్కిపోతుందమ్మా" అన్నాడు. వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఎంత సాగాలో, ఎంత వెనక్కి రావాలో లెక్క కడతారట. సాగే వస్తువుల భౌతికసూత్రాలను టెర్జోపౌలోస్, ఆయన తోటివాళ్ళు 1987లోనే గ్రాఫిక్స్‌కు వాడారట. నాకు అర్థమైంది ఒక్కటే. నొక్కితే పిండి ఎక్కడికీ పోదు, పక్కకు జరుగుతుంది.

వెనక నుంచి మా ఆయన గొంతు. "నొక్కిన కాడ దిగితే పక్కపొంటి ఉబ్బాలె గదరా. బాయిల పిల్లర్ల మీద బరువు పడితే నడుమ నేల పైకి లేస్తది."

"ఎంత లేస్తది బాపూ?"

ఆయన పీట లాక్కుని కూర్చున్నారు. ఆ రోజు చపాతీలు అయ్యేసరికి రాత్రి పది.