విల్లుకు నొప్పుండదా?

ఆ బొమ్మల పాట చూడటానికి టీ తాగేంత సేపు చాలు. 2025 వానాకాలం నుంచి చలికాలం దాకా దాన్ని సూర్యాపేటలో ఒకసారి, కోదాడలో ఒకసారి, మిర్యాలగూడలో ఒకసారి చూపించాను. సభలేమీ పెట్టలేదు. తెలిసినవాళ్ళ మధ్య, లాప్‌టాప్‌కు చిన్న స్పీకరు తగిలించి చూపించానంతే. చూశాక మాటలు రెండుచోట్ల ఆపినా ఆగలేదు. ఒకచోట మొదలే కాలేదు. ఆ మొదలుకానిదాని గురించే రాద్దామని కూర్చున్నాను గానీ, మిగతా రెండూ చెప్పకుండా అది చెప్పలేనని అర్థమయింది.

ఖలీల్ జిబ్రాన్ 'ది ప్రాఫెట్' 1923లో అచ్చయింది. మన కాళోజీ దాన్ని 'జీవన గీత'గా తెలుగు చేశారు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆ పుస్తకం మా హాస్టల్లో అట్ట ఊడిపోయేదాకా చేతులు మారింది. అందరం ప్రేమ గురించిన పేజీలే చదివేవాళ్ళం. పిల్లల గురించిన పేజీ ఎవరికి కావాలి అప్పుడు? 2014లో ఈ పుస్తకం యానిమేషన్ సినిమాగా వచ్చింది. నటి సల్మా హాయెక్ పూనుకుని తీయించింది. ఆమె తాత లెబనాన్ నుంచి వలసపోయినవాడు. కథ మొత్తాన్ని నడిపింది 'లయన్ కింగ్' దర్శకుల్లో ఒకడైన రోజర్ ఆలర్స్. మధ్యలో ఎనిమిది కవితలను మాత్రం వేర్వేరు దేశాల చిత్రకారులు ఎవరి పద్ధతిలో వాళ్ళు గీశారు. వాటిలో పిల్లల గురించిన కవిత నీనా పేలీ వంతుకు వచ్చింది. 2008లో 'సీతా సింగ్స్ ది బ్లూస్' తీసింది ఆవిడే. భర్త ఈ-మెయిల్లో తెగతెంపులు చేసుకున్నాక, తన కథనూ సీత కథనూ పక్కపక్కన పెట్టి ఒంటిచేత్తో బొమ్మలు గీసిన మనిషి.

సినిమా మీద నాకో ఫిర్యాదుంది, ముందే చెప్పేస్తాను. పుస్తకంలో అల్మిత్ర ఎదిగిన స్త్రీ, ద్రష్ట. ఆ ఊళ్ళో ప్రవక్తను మొట్టమొదట నమ్మింది ఆమె, మాట్లాడమని అడిగిందీ ఆమే. సినిమాలో ఆమెను తండ్రి పోయిన దిగులుతో మాట మానేసిన చిన్నపిల్లను చేశారు. పిల్ల ముద్దుగానే ఉంది. కానీ ప్రశ్న అడిగే ఆడమనిషి నోరు మూయించి, చివర్లో ఆ నోరు తెరిపించి, అదొక గెలుపుగా చూపించడం నాకు రుచించలేదు. పిల్లల గురించి అడిగింది కూడా పుస్తకంలో ఒక తల్లే, చంటిబిడ్డను రొమ్ముకు హత్తుకుని ఉన్న తల్లి. తండ్రులెవరూ అడగలేదు. అది గుర్తుంచుకోవాలి.

కవిత సారం అందరికీ తెలిసిందే. కన్నంత మాత్రాన పిల్లలు మన సొత్తు కారు. వాళ్ళు మనగుండా వస్తారు తప్ప మనకోసం రారు. తల్లిదండ్రులు విల్లయితే పిల్లలు బాణాలు, వేసేవాడు మరొకడు. అతని చేతిలో విల్లు సంతోషంగా వంగాలంటాడు కవి. సినిమాలో దీన్ని డేమియన్ రైస్ పాడాడు. ఇంగ్లీషు పాట గనుక ప్రతిచోటా ముందు కాళోజీ తెలుగు చదివి, తర్వాత బొమ్మలు చూపించాను.

సూర్యాపేటలో చూసింది డిగ్రీ అమ్మాయిలు. నా దగ్గర చదువుకున్న ఒకామె అక్కడ పాఠాలు చెబుతోంది. ఆఖరి పీరియడ్ నాకిచ్చింది. పాట అయిపోగానే చప్పట్లు. "మేడం, ఇది మా డాడీకి పంపుర్రి" అందొక పిల్ల. "పంపితే మీ డాడీ పాట మంచిగున్నదని స్టేటస్ పెట్టుకుంటడు" అంది పక్కపిల్ల. అందరూ నవ్వారు. నేననుకున్న స్పందన అంతే. అమ్మాయిలకు నచ్చుతుంది, పెద్దవాళ్ళకు కష్టంగా ఉంటుంది అనుకునే బయల్దేరాను.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "గానీ మేడం, బాణం తనకు తాను పోతదా? ఏసెటోడు ఎటేస్తే అటే పాయె. అమ్మానాన్న చేతిలకెల్లి తీసి ఇంకొకని చేతిల పెట్టిండు, గంతే గద." ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. బాణాన్ని చూస్తే నాకు స్వేచ్ఛే కనబడేది. ఎటు పోవాలో దానికి ఎవరూ చెప్పనివ్వరన్నది ఆ పిల్లకు కనబడింది.

ఇంతలో కిటికీ పక్కన కూర్చున్న మరో అమ్మాయి, లేవకుండానే, నెమ్మదిగా అంది. "మా ఇంట్ల ఈ ముచ్చటే వేరే మేడం. మా అమ్మకు నా గురించి భయం లేదు. మా అన్న గురించే. వేరే కులపు పిల్లను ప్రేమిస్తడేమో, సంపుతరేమో అని. వాడు కాలేజి నుంచి వచ్చేదాంక బయటనే నిలబడ్తది." క్లాసు నిశ్శబ్దమైపోయింది. 2025 జనవరి చివర్లో, పెద్దల్ని కాదని పెళ్ళి చేసుకున్న ఒక దళిత యువకుణ్ణి సూర్యాపేటలోనే చంపేశారు. అమ్మాయి తరఫు వాళ్ళను పోలీసులు అరెస్టు చేశారు. అది జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ తల్లి బిడ్డను తన సొత్తనుకుని పట్టుకోవడం లేదు. బాణాన్ని గాలిలోనే విరిచేవాళ్ళున్నారని ఆమెకు తెలుసు. కవితలో విల్లుంది, బాణం ఉంది, వేసేవాడున్నాడు, దూరంగా గురి ఉంది. విరిచేవాళ్ళు లేరు. నేనేం సమాధానం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. చెప్పలేదనే అనుకుంటాను.

అక్కణ్ణించి కోదాడ బస్సులో గంట దూరం. అక్కడ మా అన్నగారిల్లు. రెండు వారాల తర్వాత పోయినప్పుడు మా వదిన వాడకట్టు ఆడవాళ్ళను డాబా మీదకు పిలిచింది. పదకొండుమంది, అందరూ నలభై దాటినవాళ్ళే. సగం మంది పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్నారు. వాళ్ళకు ఈ కవిత వేరేగా వినపడింది. "మా బాణాలు రెండూ డల్లాస్‌ల పడ్డయి" అంది ఒకావిడ. అందరూ పడీపడీ నవ్వారు. తర్వాత ఆమే, "విల్లుకు నొప్పుండదా మరి? వంగుమంటుండు, సంతోషంగ వంగుమంటుండు. ఆయనకు పిల్లలున్నరా?" అని అడిగింది.

లేరన్నాను. పెళ్ళి కూడా చేసుకోలేదని, 48 ఏళ్ళకే న్యూయార్క్‌లో పోయాడని చెప్పాను. "గదీ సంగతి" అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి. నాకు కవి మీద జాలేసింది. అందుకని అతని తల్లి సంగతి చెప్పాను. ఆమె పేరు కమీలా. సినిమాలో ఆ పిల్ల తల్లికీ అదే పేరు పెట్టారు. 1895లో భర్తను వదిలి నలుగురు పిల్లల్ని వెంటేసుకుని లెబనాన్ నుంచి బోస్టన్ పోయింది. బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మి పిల్లల్ని సాకింది. ఆమె పోయాక చెల్లెలు మరియానా కుట్టుపని చేసి అన్నను పోషించింది. మేరీ హాస్కెల్ అనే బడిపంతులమ్మ డబ్బిచ్చి పారిస్ పంపింది, అతని ఇంగ్లీషు దిద్దింది. డాబా మీద అందరూ నిమ్మళించారు. "అంటే విల్లును సూసే రాసిండన్నట్టు" అంది డల్లాస్ అమ్మ. చూసే రాశాడు. కానీ నొప్పి సంగతి విల్లునడిగి రాశాడా అన్నది నాకిప్పటికీ అనుమానమే.

అసలు మాట అన్నది మా వదిన. ఆమె ఏడో తరగతి దాకే చదివింది. "పిల్లలు మనోళ్ళు కారని అంత దూరంకెల్లి ఆయనొచ్చి చెప్పాల్నా? ఆడపిల్ల అంటేనే ఆడి పిల్ల అనిరి. ఈడి పిల్ల కాదు. పుట్టిననాడే చెప్పిరి మాకు."

ఈ మాట చిన్నప్పట్నించీ వింటున్నాను. జిబ్రాన్ పక్కన పెట్టి ఎన్నడూ వినలేదు. మన దగ్గర కూతురు కన్నవాళ్ళది కాదన్నది కొత్త వేదాంతం కాదు, సంసారాలు నడిచే తీరే అది. పరాయి సొత్తు, ఒక అయ్య చేతిలో పెట్టాల్సిన పిల్ల. కన్యాదానం చేసేటప్పుడు 'మనది కాదు' అనే మాటే మంత్రంలా పనిచేస్తుంది. కానీ ఆ పిల్ల తనకు తాను ఒకణ్ణి చూసుకుని వెళ్ళిన నాడు, అంతకాలం ఎవరిదీ కాని పిల్ల ఒక్కసారిగా 'మా పిల్ల' అయిపోతుంది. మా పరువు, మా రక్తం. మనమిస్తే మనది కాదు, తాను పోతే మనది. ఈ మెలికను విప్పకుండా ఆ కవితను తెలుగులో చదివితే, తండ్రులు ఎంత హాయిగా తలూపవచ్చో అప్పుడర్థమయింది. కాళోజీ అనువాదంలో లోపం కాదిది. ఆ మాట మన ఇళ్ళల్లో దిగేసరికి ఇంకోటవుతుంది.

మరుసటి నెల కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ పోయాను. దారి పొడుగునా సాగర్ ఎడమ కాలువ కింద వరి, ఊరు దగ్గరపడే కొద్దీ రైస్ మిల్లులు. ఒకప్పుడు మూడూళ్ళూ నల్లగొండ జిల్లాలోనివే. 2016లో సూర్యాపేట జిల్లా వేరయింది. నా స్నేహితురాలు అక్కడ టీచరుగా చేసి రిటైరయింది. వాళ్ళింట్లో సాయంత్రం తొమ్మిదిమంది కూర్చున్నాం, అందులో ముగ్గురు మగవాళ్ళు. అందరూ చదువుకున్నవాళ్ళు, పుస్తకాలు కొనేవాళ్ళు.

పాట అయిపోయింది. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి ఒకాయన "బొమ్మలు బాగున్నాయండీ" అన్నాడు. ఇంకొకాయన రంగుల గురించి మాట్లాడాడు. తోలుబొమ్మలాటకు దగ్గరగా ఉందన్నాడు, కాస్త నిజమే. సంగీతం గురించి మాట్లాడారు. జిబ్రాన్ చిత్రకారుడు కూడా అనే మాట వచ్చింది. చాయ్ వచ్చింది. ఆ గదిలో ఉన్న అందరికీ ఒకటే గుర్తొస్తోందని అందరికీ తెలుసు. 2018 సెప్టెంబరు 14న ఆ ఊళ్ళో, గర్భంతో ఉన్న భార్యను డాక్టరుకు చూపించి బయటికొస్తున్న ప్రణయ్‌ను పట్టపగలు, ఆమె కళ్ళ ముందే, తన తల్లి కళ్ళ ముందే నరికి చంపారు. చంపించింది అమృత తండ్రి అని పోలీసులు తేల్చారు. విచారణ పూర్తికాకుండానే 2020 మార్చిలో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇదంతా జరిగిన ఊళ్ళో, ఆ కవిత విని, మేము రంగుల గురించి మాట్లాడుకుంటున్నాం.

చివరికి మా స్నేహితురాలి అత్తగారు, ఎనభై దాటిన మనిషి, మంచం మీంచే అంది. "పెంచినోళ్ళకు ఆ మాత్రం హక్కుండదా?"

ఎవరూ జవాబివ్వలేదు. ఏ మాత్రమని కూడా ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. 2018లో ఆ తండ్రి కడుపుకోతను అర్థం చేసుకోవాలని బాహాటంగా మాట్లాడినవాళ్ళున్నారు. అప్పుడు వాళ్ళ మీద కోపంతో ఊగిపోతూ నేనొక వ్యాసం కూడా రాశాను. ఇప్పుడు ఆ ముసలామె ఎదురుగా నోరు పెగల్లేదు. మర్యాద అడ్డమొచ్చిందని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. కానీ అది అబద్ధం.

2011లో మా అమ్మాయి హైదరాబాదులో ఎంటెక్ చదువుతోంది. ఒక రాత్రి ఫోన్ చేసి, అమ్మా, నీకొక సంగతి చెప్పాలి అంది. తన క్లాస్‌మేట్ ఒకబ్బాయి గురించి చెప్పింది. బాగా చదువుతాడట, కవిత్వం ఇష్టమట, నీతో మాట్లాడిస్తానంది. నేను సంతోషంగానే విన్నాను. విని, "మనోళ్ళేనా?" అన్నాను.

మాది భూములున్న కులం. అప్పటికే నేను స్త్రీవాదినని పదిమందికీ తెలుసు. కులం మీద రాసినదాన్ని, ఊరేగింపుల్లో నడిచినదాన్ని. ఆ మాట అనాలని అనుకోలేదు. మా అమ్మ గొంతులోంచి వచ్చినట్టు వచ్చేసింది. అటువైపు కాసేపు చప్పుడు లేదు. "ఏమోనమ్మా, అడగలేదు" అంది మా అమ్మాయి. ఆ తర్వాత అన్నం తిన్నావా అని అడిగి ఫోన్ పెట్టేసింది. ఆ అబ్బాయి గురించి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. అతని పేరు కూడా నాకు తెలియదు. రెండేళ్ళకు మేం చూసిన సంబంధమే చేసుకుంది. అల్లుడు మంచివాడు. మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఒక్క దెబ్బ వేయలేదు, ఒక్క మాట గట్టిగా అనలేదు. ఆ బాణాన్ని పక్కకు తిప్పడానికి రెండు సెకన్లు పట్టింది.

మిర్యాలగూడ నుంచి ఇంటికొచ్చాక ఆ పాట లింకు మా అమ్మాయికి వాట్సప్‌లో పంపాను. కింద ఏమైనా రాయాలని చాలాసేపు ప్రయత్నించాను. రాసినవన్నీ కొట్టేసి ఉత్త లింకే పంపాను. మధ్యాహ్నానికల్లా చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి. రాత్రి పదింటికి జవాబొచ్చింది. బొమ్మలు బాగున్నాయమ్మా అని. దాని కిందే, పాపకు జ్వరం తగ్గింది, రేపు స్కూలుకు పంపిస్తున్నా అని రాసింది.