అరకు రైల్లో ఆది తాళం

విశాఖలో పొద్దున్నే రైలెక్కేసరికి వయొలిన్ పెట్టెకి తోడు నా దగ్గర రెండు సంచులున్నాయి. ఒకదాన్లో ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, కాలితో నొక్కే మిడి కంట్రోలర్. రెండోదాన్లో అరచేతిలో పట్టే బాస్ ఆర్‌సి-1 లూప్ పెడల్. సాయంత్రం అరకులో ఓ అతిథిగృహం పెరట్లో వాయించాలి. దేనితోనన్నది దారిలో తేల్చుకుందామనుకున్నాను.

మనసు ల్యాప్‌టాప్ వైపే లాగింది. ఏబుల్‌టన్ లైవ్‌లో శ్రుతి ఒక ట్రాక్, తీగ మీటుడు ఒకటి, మోహన స్వరాలు ఇంకొకటి. ఏది ఆపాలన్నా, మళ్లీ తేవాలన్నా చిటికెలో పని. పెడల్‌లో వేసిన పొరలన్నీ ఒకటే ముద్దవుతాయి. చివరి పొరనొక్కదాన్నే వెనక్కి తీయగలం.

అయితే కాలు లెక్క వేరు. కుడిపాదం మీద వయొలిన్ ఆనించి కూర్చునే మన పద్ధతిలో పెడల్‌కి పాదం ఖాళీ ఉండదు. దీనికోసమే ఏడాదిపాటు నిలబడి వాయించడం నేర్చుకున్నాను. సొరంగాల చీకట్లో కళ్లు మూసుకుని, నిమిషానికి 80 అక్షరాల నడకలో ఆది తాళం వేసుకుంటూ కూర్చున్నాను. ఆవర్తం 6 సెకన్లు. తొలి దెబ్బకి పాదం సరిగ్గా పడాలి. కాస్త ఆలస్యమైతే లూప్ ప్రతి ఆవర్తానికీ కుంటుతుంది.

పెరట్లో ముందు ల్యాప్‌టాపే పెట్టాను. బఫర్ 128 శాంపిళ్లకి తగ్గిస్తే చిటపటలు. 512కి పెంచితే, 44,100 రేటులో, రానూపోనూ 23 మిల్లీసెకన్ల ఆలస్యం. కమాను లాగిన నాదం ఒకసారి చెవి పక్కన, మరోసారి స్పీకర్లో. నా స్వరం నాకే పరాయిదైంది. మూత దించి పెడల్ కలిపాను.

కచేరీ చివర్లో థింసా బృందం వచ్చి చేరింది. నా లూప్ మీద తుడుము దరువు, మోరి ఊదుడు మొదలయ్యాయి. నాలుగు ఆవర్తాలకే వాళ్ల నడక ముందుకెళ్లింది, లూప్ వెనకబడింది.

“ఇది మాతో నడవట్లేదు బాబూ,” అన్నాడు తుడుము పెద్దాయన.

నిజమే. పెడల్ రెండుసార్లు తొక్కి ఆపాను, ఉన్నదంతా చెరిపేశాను. మోరి ఏ స్వరం మీద ఆగుతోందో విని, ఆ ఒక్క స్వరాన్నే పొడవుగా నింపాను. దానికి దరువు లేదు, ఎవరి నడకకీ అడ్డురాదు. తుడుము ఇంకా జోరందుకుంది. ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి వలయం కట్టారు. నేను కమాను ఎత్తి మోరి వెనకాలే వెళ్లాను.