ముందు బండికీ మనకూ నడుమ

ఆర్మూరు అనగానే మిత్రులకు పసుపు గుర్తొస్తుంది, తర్వాత సిద్ధులగుట్ట రాళ్లు, ఆ తర్వాత అంకాపూర్ కోడికూర. రోడ్డు ఎవరికీ గుర్తు రాదు. కాని మా బతుకంతా రెండు రోడ్ల మీద నడుస్తుంది. ఒకప్పుడు 7వ నంబరు, ఇప్పుడు 44 అయిన హైదరాబాదు–నాగపూరు రోడ్డు ఒకటి. నిజామాబాదు నుంచి మా ఊరి మీదుగా జగిత్యాల పోయే 63వ నంబరు రోడ్డు రెండోది. పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టి, సంచులకెత్తి నిజామాబాదు యార్డుకు తోలేది ఈ రెండో దాని మీదనే.

ఈ రోడ్డు మీద ముందు బండికీ వెనక బండికీ నడుమ ఖాళీ అనేది కనబడదు. ఎవరైనా కాస్త ఎడం ఇచ్చి నడిపితే వెనకవాడు హారన్ కొట్టి “ఏం, నిద్రపోతున్నవా?” అంటాడు. లేకుంటే ఆ సందులో ఒక స్కూటరు దూరుతుంది. ఎడం వదలడం మన దగ్గర చేతకానితనం కింద లెక్క. సాలుకూ సాలుకూ నడుమ ఎడం లేకపోతే పసుపు ఊరదని తెలిసిన మనుషులమే, రోడ్డెక్కగానే ఆ సంగతి మరచిపోతాం.

లెక్క ఏమంత కష్టమైనది కాదు. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ముందు బండి ఎర్రలైటు వెలిగింది. కన్ను చూడాలి, మెదడు తెలుసుకోవాలి, కాలు కదలాలి. ఒకటిన్నర సెకను అనుకుందాం. బ్రేకు మీద కాలు పడకముందే 25 మీటర్లు అయిపోయాయి. ఆపైన మంచి బ్రేకులున్న కారు పొడి తారురోడ్డు మీద ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే మొదటిది రెట్టింపు, రెండోది నాలుగింతలు. ఫిజిక్సు పేపరులో ఇదంతా రాసి మార్కులు కూడా తెచ్చుకున్నవాళ్లమే మనం.

ఇక ఫోను. అదే వేగంలో నాలుగు సెకన్లు తల దించితే 67 మీటర్లు. చదరంగా ఉన్న ఎకరం పొలానికి ఒక పక్క సుమారు 64 మీటర్లు. అంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కళ్లు మూసుకొని బండి తోలినట్టు! ఫోను చేతపట్టుకొని నడపడాన్ని 2019 సవరణతో చట్టం ప్రమాదకరమైన డ్రైవింగు కింద చేర్చింది.

పేపరులో రానిది ఒకటుంది. ఆగే దూరం కట్టేటప్పుడు ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టుకుపోతుంది, బరువుతో పని లేదని రాస్తాం. అది అన్ని చక్రాలకూ బ్రేకులున్న బండి మాట. మా ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. టన్నులకొద్దీ సరుకు వెనక నుంచి తోస్తుంటే ట్రాక్టరు వెనక చక్రాలు రెండే మొత్తాన్నీ ఆపాలి. ఇక్కడ బరువు ఎక్కడికీ కొట్టుకుపోదు. ట్రాక్టరు ముందు ఖాళీ చూసి దూరి, ఠక్కున బ్రేకు వేసే మోటారుసైకిలు పిల్లలను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

రాత్రి సంగతి ఇంకా వేరు. పొద్దున్నే యార్డులో ఉండాలని రాత్రే బయల్దేరతారు. ట్రాక్టరు 20లో పోతుంటే వెనక కారు 80లో వస్తుంది. తేడా 60. డిమ్ము లైటుకు 50 మీటర్ల దూరాన, వెనక లైటు లేని ట్రాలీ కనబడితే మూడే సెకన్లు. అందులో సగం కాలు కదిలేసరికే పోతుంది. అందుకే పోయిన సీజనులో ఎర్ర రేడియం టేపు కొనుక్కొచ్చి మా ట్రాలీకి అంటించబోయాను. బాపు చూసి, “ఏందిరా ఇది, పెండ్లికి పోతున్నమా? ముప్పై ఏండ్ల సంది తోలుతున్న, ఒక్కడన్న గుద్దిండా?” అన్నాడు.

“అప్పుడు వెనక వచ్చేటోళ్ల చేతుల ఫోన్లు లేకుండె బాపూ” అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. దుమ్ము తుడవమని పాత గోనెసంచి చేతికిచ్చి పోయాడు.

రోడ్డు మీద మక్కలు, వడ్లు ఆరబోసేవాళ్లను బస్సులో అందరూ తిడతారు. కల్లం లేనివాడు ఎక్కడ ఆరబోయాలో మాత్రం ఎవరూ చెప్పరు. అయినా రాత్రి కుప్ప మీద నల్ల పరదా కప్పి చుట్టూ రాళ్లు పెట్టడం నాకు నచ్చదు. దాన్ని చివరి నిమిషంలో చూసిన డ్రైవరు ఆపేస్తాడు, వెనకవాడు వచ్చి అతన్ని గుద్దుతాడు.

మరి తప్పు ఎవరిది? వెనకవాడిదే అంటాం. 1989 నాటి రోడ్డు నియమాల్లో 23వది, ముందు బండి హఠాత్తుగా ఆగినా తగలనంత దూరం ఉంచమంది. ఆ వెంటనే 24వది, భద్రతకు అవసరమైతే తప్ప ఠక్కున బ్రేకు వేయొద్దంది. 2017లో కోయంబత్తూరులో ఒక ఇంజనీరింగు విద్యార్థి మోటారుసైకిలు మీద పోతుంటే, ముందు కారు పెద్దరోడ్డు మీద సైగ లేకుండా ఆగింది. గర్భిణి అయిన భార్యకు వాంతి వచ్చేలా ఉందని ఆపానన్నాడు కారతను. విద్యార్థి కారును తగిలి పడ్డాడు, వెనక బస్సు కాలి మీది నుంచి పోయింది. కాలు తీసేశారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు తప్పును కారుకు 50 పాళ్లు, బస్సుకు 30, విద్యార్థికి 20గా పంచింది. తీర్పు న్యాయంగానే ఉంది, కాని పోయిన కాలు పాళ్ల లెక్కన తిరిగి రాదు.

నేను మోటారుసైకిలు మీద ఒక పద్ధతి పాటిస్తాను. ముందు బండి కరెంటు స్తంభం దాటగానే లోపల లెక్కపెడతాను. రెండు సెకన్లలోపే నేనా స్తంభం దగ్గరికి చేరితే దగ్గరగా ఉన్నట్టే. వానకూ రాత్రికీ మూడు, నాలుగు. లారీ వెనకైతే ఇంకా దూరం, ఎందుకంటే దాని ముందేముందో మనకు కనబడదు. ఆపేముందు అద్దంలోకి ఒక చూపు, వీలైతే బ్రేకు కొద్దికొద్దిగా. వెనక ఆనుకొని వచ్చేవాడితో కొట్లాడను, పక్కకు జరిగి దారి ఇస్తాను. దోస్తులు నవ్వుతారు, నవ్వనీ.

ఈ ఏడు మా వాడకట్టులో నాలుగు ట్రాలీలకు టేపు అంటించాను. ఐదో ట్రాలీ పెద్దనాయిన, “ఎర్రది ఎందుకురా, పసుపు తోలే బండికి పసుపుపచ్చది తే” అని పట్టుబట్టాడు. పసుపుపచ్చది పక్కలకూ, ఎర్రది వెనకకూ అని ఒప్పించేసరికి రెండు చాయలయ్యాయి.