పప్పులో ఉప్పు, పందిట్లో హోరు

పెళ్లి భోజనాల దగ్గర మనిషితో మనిషి మాట్లాడే వీలు లేకుండా పోయింది. దీని మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. మొన్న మాఘమాసంలో ఒక పెళ్లికి వెళ్తే, పక్కనే కూర్చున్న మా మేనమామ ఏదో చెబుతున్నాడు. పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినపడదు. వెనకాల నిలువెత్తు స్పీకర్ బాక్సులు. చివరికి నా చెవి దగ్గరికి వంగి అరిస్తే తేలిందేమంటే, "పనసపొట్టు కూర మారు వేయించుకో" అంటున్నాడాయన.

చెవికి పుట్టుకతో వచ్చిన నేర్పు ఒకటుంది. పదిమంది ఒక్కసారిగా మాట్లాడుతున్నా తనకు కావలసిన గొంతును ఏరుకుంటుంది. కాలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1953లో దీన్ని పరీక్షకు పెట్టాడు. రెండు చెవుల్లో రెండు వేరువేరు ప్రసంగాలు వినిపిస్తూ, ఒక చెవిలోది మాత్రం పైకి చెప్పమన్నాడు. అందరూ చక్కగా చెప్పారు. రెండో చెవిలో దేని గురించి మాట్లాడారని అడిగితే ఎవరికీ తెలియలేదు. అంత గొప్ప చెవి కూడా, గొంతులన్నిటినీ ముంచేసే హోరు ముందు ఏమీ చెయ్యలేదు. ఏరుకోవడానికి అక్కడ గొంతంటూ మిగలాలి కదా!

సన్నాయి, డోలు మాత్రం తక్కువ మోతా అని ఎవరైనా అంటారు. కాదు. కానీ ఆ మేళానికి ఎప్పుడు తగ్గాలో తెలుసు. తంతు సాగుతున్నంతసేపూ నెమ్మదిగా నడిచి, పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అనగానే ఒక్కసారి లేస్తుంది. పందిట్లో ప్రతివాడి చెయ్యీ అక్షింతల మీదికి పోతుంది. లైప్‌జిగ్‌లో ఎర్నెస్ట్ వెబర్ 1834లో బరువుల మీద చెప్పిన సంగతే ఇది: మనకు తెలిసేది తేడా, అదీ అంతకుముందు ఉన్నదాన్ని బట్టి. చేతిలో నలభై తులాలుంటే ఒక తులం కలిపినా తెలుస్తుంది. ఎనభై ఉంటే రెండు కలపాలి. పొద్దుట్నుంచీ బాక్సులు మోగుతున్న పందిట్లో గట్టిమేళం ఎంత గట్టిగా వాయించినా ఎవరికి తెలుస్తుంది? మాంగల్యధారణ ఎప్పుడయిందో తెలియని పెళ్లిళ్లు చూశాను.

నష్టం చెవితో ఆగలేదు. 2011లో ఇంగ్లండులో కొందరు పరిశోధకులు హెడ్‌ఫోన్లలో హోరు వినిపిస్తూ చిరుతిళ్లు తినిపించారు. హోరు పెరిగినకొద్దీ ఉప్పు, తీపి తగ్గినట్టు అనిపించిందట. పప్పులో ఉప్పు చాల్లేదని వంటవాళ్లను తిట్టే పెద్దమనుషులు ముందు ఆ బాక్సులు కట్టించాలి. పెళ్లి వంటల్లో ఏటేటా ఉప్పూ కారం పెరుగుతూ పోవడానికి ఈ మోతే కారణమని నా గట్టి అనుమానం.

మా నాయనమ్మ ఉప్పు చూసే పద్ధతి వేరు. వరలక్ష్మీ వ్రతం నాడు మడి కట్టుకుని వండేది. నైవేద్యం అయ్యేదాకా నాలుక మీద చుక్క వేసుకోకూడదు. పులిహోరకు చింతపండు పులుసు ఉడుకుతుంటే గిన్నె మీదికి వంగి, ఆవిరిని అరచేత్తో ముఖం వైపు తోసుకునేది. అప్పుడు మేమెవరం మాట్లాడినా ఒప్పుకునేది కాదు. "ఉండండర్రా!" అని కసిరి, మళ్లీ వాసన పట్టి, "ఇంకాస్త పడుతుంది" అని నాలుగు ఉప్పురాళ్లు వేసేది. ఒకే వాసన పీలుస్తూ ఉంటే ముక్కు దానికి అలవాటు పడి మొద్దుబారుతుంది. అది ఆవిడకు ఎవరూ చెప్పలేదు గానీ, మధ్యలో దొడ్లోకి వెళ్లి కాసేపు తులసికోట దగ్గర నిలబడి వచ్చేది.

ఉప్పుకు వాసనేమిటి అని చుట్టాలు ఎద్దేవా చేసేవాళ్లు. నిజమే, ఉప్పుకు వాసన లేదు. కానీ నీళ్లలో ఉప్పు కరిగితే, అందులో ఉన్న వాసన ద్రవ్యాలకు చోటు చాలక ఆవిరిలోకి ఎక్కువగా లేస్తాయి. ఆవిడ ముక్కు పట్టుకున్నది ఆ తేడానే అయ్యుంటుంది. కరివేపాకు, మెంతులు, అన్నిటికంటే ముందు ఇంగువ.

అసలు ఆ ఇంగువ ఏదీ? ఇప్పుడు డబ్బాల్లో అమ్మేదాంట్లో మైదా, బంక కలిసి ఉంటాయి. డబ్బా మీద వాళ్లే రాస్తారు. ఇంగువ అఫ్గానిస్థాన్, ఇరాన్ కొండల్లో పెరిగే మొక్క వేరు నుంచి కారే పాలు. మనం ఇంతగా తింటూ మన దేశంలో పండించుకోలేదు. 2020 అక్టోబరులో గానీ హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పాలంపూర్ శాస్త్రవేత్తలు మొదటి మొక్క నాటలేదు. అది పాలు ఇచ్చే వయసుకు రావడానికి ఏళ్లు పడుతుంది. మేం మాత్రం డబ్బా ఇంగువ కొనడం మానేశాం. హైదరాబాదులో ఉన్నవాళ్లు బేగంబజారు వెళ్లి ముద్ద ఇంగువ అడగండి. ఖరీదెక్కువే, కానీ చిన్న పలుకు చాలు. కాగిన నువ్వుల నూనెలో వేసి, అది పొంగేదాకా ఆగి, అప్పుడు ఆవాలు వెయ్యండి.