పొంగే పిండి, పొంగని పిండి

మన వంటింట్లో మైదా అంటే ఒకటే మైదా. ఇంగ్లండు కొట్లలో అలా కాదు. ప్లెయిన్ ఫ్లోర్, సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ అని రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒకేలా తెల్లగా, మెత్తగా ఉంటాయి.

కొత్తగా పెళ్ళయి లెస్టర్ వెళ్ళిన మా ఆడపడుచు కూతురు, అత్తవారింట తొలి దీపావళికి ఆ రెండోదాన్నే మైదా అనుకుని కజ్జికాయలు చేసింది. నూనెలో వెయ్యగానే పిండి ఉబ్బి, అంచులు విచ్చుకుని, లోపలి కొబ్బరీ పంచదారా నూనెపాలయ్యాయిట. "నాకు వంటే రాదనుకుంటున్నారు అత్తయ్యా!" అని ఫోనులో ఒకటే ఏడుపు. "నీ చేతికేం కాలేదమ్మా. ఆ పిండిలో బేకింగ్ పౌడరు ముందే కలిపి ఉంటుంది" అన్నాను.

ఈ పిండిని కనిపెట్టింది బ్రిస్టల్ నగరంలో రొట్టెలు చేసే హెన్రీ జోన్స్. 1845లో పేటెంటు తీసుకున్నాడు. ఓడల్లో గట్టి బిస్కెట్లు కొరుక్కునే నావికులకి మెత్తటి రొట్టె అందాలని ఆయన తాపత్రయం. తడి, వేడి తగిలితే ఇందులోంచి గ్యాసు పుట్టి పిండి పొంగుతుంది. కేకుకి అది వరం. పూరీకి, కజ్జికాయకి, బొబ్బట్టుకి మాత్రం పనికిరాదు.

కేకులో మైదా బదులు ఇది వాడితే విడిగా బేకింగ్ పౌడరు వెయ్యకండి. మోతాదు ఎక్కువైతే కేకు గబుక్కున పొంగి నడుమ కుంగిపోతుంది. ఈస్టుతో చేసే బ్రెడ్డుకి కూడా దీన్ని వాడకూడదు.

మనకిక్కడ ఆ పిండి దొరక్కపోయినా దిగులు లేదు. 150 గ్రాముల మైదాకి తలగొట్టిన 2 టీస్పూన్ల బేకింగ్ పౌడరు కలిపి, రెండు మూడుసార్లు జల్లించండి. అదే సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్. బేకింగ్ పౌడరు పాతదైతే చిటికెడు వేడినీళ్ళలో వేసి చూడండి. బుసబుసా నురగ రాకపోతే పారెయ్యడమే. పిండి కలిపాక ఆలస్యం చెయ్యకుండా ఓవెన్‌లో పెట్టెయ్యాలి.

ఇంకో మాట. బేకింగ్ పౌడరులో సోడియం ఉంటుంది. అమెరికాలో అమ్మే పిండిలో ఉప్పు కూడా కలుపుతారు. ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళుంటే ఆ సంగతి గుర్తుంచుకోండి.

దూరదేశంలో ఉన్న ఆడపిల్లలకి వంటలు రాసి పంపేటప్పుడు "మైదా" అని రాసి ఊరుకోకండి. పక్కనే "ప్లెయిన్ ఫ్లోర్" అని కూడా రాయండి. ఆ ఒక్క మాట వాళ్ళని పదిమందిలో చిన్నబోకుండా కాపాడుతుంది.