రాగి బాయిలరుకు మాటు

మా పెరటిలో స్నానాలగదిని ఆనుకొని ఒక రాగి బాయిలరు ఉన్నది. 1986లో మా అత్తవారు ఆదోనిలో కొని సారెతో పాటు పంపినది. దీనికి తెలుగేమిటని ఎవరైనా పట్టుబడితే నేను 'కాగు' అంటాను. కాగు అంటే పెద్ద నీళ్ళపాత్ర, కాగు అంటే వేడెక్కు. నామవాచకమూ క్రియా ఒకే మాటలో ఇమిడిన ఇంత చక్కని పదం చేతిలో ఉండగా ఇంగ్లీషువాణ్ణి అరువడగడం ఎందుకు? అయితే మా ఆవిడ "కాగు అంటే మీకొక్కరికే అర్థమవుతుంది, బాయిలరంటే ఊరందరికీ అర్థమవుతుంది" అని తీర్పు చెప్పింది కనుక ఇకమీదట నేనూ బాయిలరనే వ్రాస్తాను.

చూడనివారి కోసం దాని నిర్మాణం చెబుతాను. నిలువెత్తు రాగి డబ్బా, దాని నడుమ పై నుంచి క్రిందికి ఒక గొట్టం, గొట్టం అడుగున ఇనుప జల్లి. జల్లి మీద పత్తికట్టెనో, కందికట్టెనో, టెంకాయ చిప్పలనో వేసి ముట్టిస్తాము. గొట్టం చుట్టూ ఉన్న నీరు కాగుతుంది, ముందు ఇత్తడి కొళాయి తిప్పితే వస్తుంది. మా పత్తికొండ చుట్టుప్రక్కల పత్తి ఏరిన తరువాత కట్టెకు కొదువ లేదు. ఆ విధంగా నలభయ్యేండ్లుగా మా యింట వేన్నీళ్ళకు ఖర్చన్నది దాదాపు లేదు.

కాచిన నీళ్ళ మాట వచ్చింది కనుక ఒక చిన్న పిడకల వేట. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న మా పత్తికొండలోనే కలరాతో కన్ను మూశాడు. కలరాకు నీరు వాహకమని లండనులో జాన్ స్నో అనే వైద్యుడు చేతిపంపును చూపి వాదించింది 1854లో. అంతటి గవర్నరుకు కూడా నీళ్ళు కాచి ఇవ్వమని చెప్పగలవారు ఆనాడు లేకపోయారు. సరే, అసలు సంగతికి వస్తాను.

గడచిన కార్తికంలో ఒక మంగళవారం ఉదయం బాయిలరు అడుగున నీళ్ళు కారుతున్నాయి. బొట్టు బొట్టుగా కాదు, ధారగా. జల్లి మీది నిప్పు చుయ్యిమని ఆరిపోయింది. మా యింట పనిచేసే ఆమె పదకొండేండ్లుగా వస్తున్నది. రోజూ ఉదయం బాయిలరు ముట్టించేది ఆమే. నేను ఆ ధారను చూచి, ఆమెను చూచి, "నీళ్ళు పోయకుండా అగ్గి పెట్టినావు గదా!" అన్నాను.

"లేదు సార్. నేనెప్పుడూ నిండా పోసే పెడతా" అన్నదామె.

అంతటితో ఆగితే బాగుండేది. ముప్పైనాలుగేండ్లు తరగతి గదిలో తీర్పులు చెప్పిన నాలుక అది. బాగుచేయించడానికి ఎంతవుతుందో, అందులో అయిదు వందలు ఆమె జీతంలో పట్టుకుంటానని కూడా అన్నాను. ఆమె మారు మాటాడలేదు. గిన్నెలు తోమి, బోర్లించి, వెళ్ళిపోయింది. మా ఆవిడ మాత్రం "కళ్ళారా చూడని మాట ఎందుకంటారండీ" అని లోపలికి పోయింది. మరునాడు ఆమె రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో "నాన్నా, ఆ డబ్బా పాతసామాన్లకు వేసేయండి, గీజరు పంపిస్తాను" అన్నాడు. వాడి మాటలో లెక్క లేకపోలేదు. పాతసామాన్లవాడు వచ్చి త్రాసులో వేస్తే సరిగా పన్నెండు కిలోలు తూగింది. కిలో ఆరు వందల చొప్పున ఏడు వేల రెండు వందలు ఇస్తానన్నాడు. దానితో గీజరే వస్తుంది. తాత్కాలికంగా బకెట్టులో వేసే హీటరు కడ్డీ ఒకటి తెచ్చాను. చలికాలపు బకెట్టు నీళ్ళకు సుమారు అర యూనిట్టు కరెంటు, అది భరింపరానిదేమీ కాదు. కాని మా బోరు నీళ్ళు పరమ కఠినమైనవి. వేడి తగలగానే అందులోని సున్నం విడిపోయి దేనికి పడితే దానికి పట్టుకుంటుంది. పది రోజులకే ఆ కడ్డీ విభూతి పూసుకున్న సన్యాసి వలె తయారయింది. గీజరు లోపల జరిగేదీ అదే, కాకపోతే కంటికి కనబడదు. పెన్షను మీద బ్రతికేవాడు కంటికి కనబడని ఖర్చులకు జడుస్తాడు.

ముందు ఊళ్ళోనే గ్యాసు వెల్డింగు అతనికి చూపాను. రేకు పలుచన, మంట పెడితే చిల్లి పెద్దదవుతుందని చేతులెత్తేశాడు. చివరకు బాయిలరును గోతంలో చుట్టి, ఆదోని బస్సులో లగేజీ కొట్టించి, పాత పాత్రలకు మాట్లు వేసే ఒక పెద్దాయన వద్దకు తీసుకుపోయాను. కళాయి పూయించుకునే ఇత్తడి పాత్రలే కరువైన ఈ రోజులలో ఆయన అంగడి తెరిచి ఉండటమే నా అదృష్టం. డెబ్బయి దాటినవాడు. బాయిలరును తలక్రిందులు చేసి, గొట్టం అడుగు అంచు చుట్టూ బొటనవ్రేలితో తడిమాడు.

"ఇది పగల్లేదు సార్, కరిగింది" అన్నాడు.

సంగతి ఇది. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. సీసము, తగరము కలిపిన మాటుకు 200 డిగ్రీల అటూ ఇటూ చాలు. చుట్టూ నీరున్నంత సేపు ఆ అతుకు నూరు డిగ్రీలను మించి పెద్దగా వేడెక్కదు. నీరు లేకుండా మంట పెడితే అరగంటలో మైనమే.

నేననుకున్నదే నిజమయింది గదా అని లోలోపల కొంత సంతోషించిన మాట దాచను. ఆయన బాయిలరును ఎత్తి రెండు దెబ్బలు కొట్టాడు. జల్లి సందులలో ఇరుక్కున్న బూడిద రాలింది. దానితో పాటు సగం కాలిన కాగితం ముక్కలు నాలుగు పడ్డాయి. ఒకదాని మీద ఎర్ర సిరాతో చుట్టిన సున్న ఉన్నది. సంధి తప్పు విడదీసిన ఏ పదవ తరగతి పిల్లవానికో నేను చుట్టిన సున్న అది.

ఆమె టెంకాయ పీచుతో ముట్టిస్తుంది. అటక మీది పాత పరీక్ష కాగితాలు వాడేది నేనొక్కడినే.

అప్పుడు గుర్తుకు వచ్చింది. ముందు రోజు కార్తిక సోమవారం. తెల్లవారుజామున స్నానం చేయవలెనని నాలుగున్నరకే లేచి, నేనే బాయిలరు ముట్టించాను. ఇంతలో వీధి కొళాయికి నీళ్ళు వచ్చిన చప్పుడు విని బిందెలు పట్టడానికి పరుగెత్తాను. తిరిగి వచ్చి కొళాయి తిప్పితే చుక్క రాలేదు. రాత్రి నీళ్ళు అయిపోయాయని తలచి రెండు బిందెలు కుమ్మరించాను. లోపల సుర్రుమన్నది. ఆ సుర్రుమన్న చప్పుడు ఆదోని బజారులో కూర్చున్న నాకు మళ్ళీ వినబడింది.

పెద్దాయన నవాసారం చల్లి, సీసం కరిగించి, గొట్టం చుట్టూ మాటు తిప్పాడు. దానికి పదహారు వందలు. అరిగిన కొళాయి మార్చడానికి నాలుగు వందల యాభై, క్రొత్త జల్లికి రెండు వందల యాభై, ఆటోలకూ బస్సుకూ ఆరు వందలు. వెరసి రెండు వేల తొమ్మిది వందలు. నీళ్ళు నింపి గంట సేపు నిలిపి చూపించాడు. చుక్క దిగలేదు. "ఇంకొక ఇరవై ఏండ్లు" అన్నాడు. "నీళ్ళు పోస్తే" అని చేర్చాడు, నా ముఖం చూడకుండా.

ఇంటికి వచ్చి మా ఆవిడతో జరిగినది చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. "పొద్దుండగానే పోయి రండి" అన్నది.

కాలనీలో ఆమె ఇల్లు కనుక్కోవడానికి ఇద్దరిని అడగవలసి వచ్చింది. పదకొండేండ్లలో ఒక్కసారీ వెళ్ళలేదని అప్పుడే తెలిసింది. గడప ముందు కూర్చుని కందిపప్పు చెరుగుతున్నది. నన్ను చూచి లేచి నిలబడింది. వాక్యం దారి పొడుగునా కూర్చుకున్నాను, తీరా అక్కడ ఒక్క ముక్క సరిగా రాలేదు. "తప్పు నాది. అగ్గి పెట్టింది నేను" అన్నాను.

"నాకు తెలుసు సార్. ఆ పొద్దు కాగితాల బూడిద నేనే ఎత్తినా."

"మరి అప్పుడే చెప్పకపోతివి?"

"సార్లకు ఎట్ల చెప్పేది?" అన్నది. అందులో నిష్ఠురం లేదు. పిల్లలు బడిలో 'ప్రెజెంట్ సార్' అన్నట్టే అన్నది. జీతంలో పట్టుకోవడం లేదని నేను చెప్పబోతే, ఆ మాట తనకు ఎన్నడూ చేరనట్టుగా "అమ్మ మోకాళ్ళు ఎట్లున్నాయి?" అని అడిగింది.

మరునాడు ఆరున్నరకు వచ్చింది. పీచు ముట్టించే ముందు బాయిలరు పై నుంచి క్రిందికి వ్రేళ్ళ కణుపులతో మూడు చోట్ల తట్టింది. నిండుగా ఉన్న చోట మొద్దుగా, ఖాళీగా ఉన్న చోట ఖంగుమని మ్రోగుతుంది. ఎన్నేండ్లుగా ఈ పని చేస్తున్నదో నేనెరుగను, ఎన్నడూ గమనించలేదు. పై భాగం ఖంగుమన్నది. ఆమె బిందె కోసం చుట్టూ చూచింది. నేను తెచ్చి ఇచ్చాను.