దాత వెళ్లిపోయాక: గార్లదిన్నె దారిలో రాసిన ఉత్తరాలు

గార్లదిన్నె, సోమవారం రాత్రి

తమ్ముడూ,

గుంతకల్లులో బండి మారి, మధ్యాహ్నానికి మీ అక్క గార్లదిన్నె స్టేషన్లో దిగింది. దిగినవాళ్లు నలుగురే. బయట వేపచెట్టు కింద ఒక ఆటో, అందులో అప్పటికే ఏడుగురు. ఎనిమిదో మనిషికి చోటు చేసిన ఆటో అబ్బాయి "యాడికి పోవల్ల మేడమ్?" అని అడిగిన తీరులోనే సగం అలసట తీరింది.

ఎర్ర నేల, అక్కడక్కడా బండరాళ్ల గుట్టలు, మిగతాదంతా బుడ్డల చేలు. మన వైపు వేరుశనగ అనేది ఇక్కడ బుడ్డలు. జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా పైరు ఊడలు దిగే వేళకి మొహం చాటేసి, కాయలు పీకే వేళకి వచ్చి పడుతుంది. మండలంలోనే పెన్న మీద పెనకచెర్ల డ్యామ్ ఉంది. తుంగభద్ర నీళ్లు ఎగువ కాలువలో కర్ణాటక నుంచి అక్కడికి చేరతాయి. కాలువ కింద వరి, కాలువ దాటితే బుడ్డలు, బుడ్డలు దాటితే బీడు. మూడూ ఒకే చూపులో కనిపిస్తాయి.

వచ్చే నెల నువ్వు కంపాలా వెళ్లి, ఒక కంపెనీ ఫౌండేషన్ తూర్పు ఆఫ్రికాలో నడిపే ఆరోగ్య ప్రాజెక్టుల లెక్కలు చూడబోతున్నావు. "చట్టం చదువుకున్నానక్కా, ఊళ్లో అదెలా ఉంటుందో నువ్వు చూసి రాయి" అన్నావు. దానధర్మాల డబ్బు ఎలా వస్తుందో, ఎలా నిలుస్తుందో, ఎప్పుడు ఆగిపోతుందో చూడాలంటే అనంతపురాన్ని మించిన చోటు లేదు. పత్రిక పని ఎటూ ఉంది కాబట్టి, ఆ పనితోపాటే నీ పనీ.

బస ఇచ్చిన ఇంటి పెద్దమ్మ రాగి సంగటి, బుడ్డల ఊరుబిండి పెట్టింది. ఆమె పళ్ల మీద గోధుమ రంగు చారలు. పుట్టిల్లు పుట్టపర్తి వైపట. చిన్నప్పుడు తాగిన బోరునీళ్ల ఫ్లోరైడ్ అది. "సామి నీళ్లు వచ్చినాక మా తమ్ముని పిల్లోళ్ల పండ్లు తెల్లగుండాయి" అంది. సత్యసాయి సెంట్రల్ ట్రస్టు 1995, 96లో జిల్లాలోని ఏడు వందలకు పైగా పల్లెలకు తాగునీటి గొట్టాలు వేయించిన సంగతి నీకు తెలుసు. 1999లో తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా వేసింది. నువ్వు గమనించాల్సింది గొట్టాలు వేసిన తరవాత జరిగింది. ట్రస్టు ఆ పథకాన్ని తన దగ్గర ఉంచుకోకుండా ప్రభుత్వానికి అప్పగించింది. మోటారు కాలినా, కరెంటు బిల్లు పేరుకున్నా అప్పటి నుంచి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వమే. నీళ్లు రాని రోజు బిందె పట్టుకుని రోడ్డు మీద కూర్చునే హక్కు ఆ పల్లె ఆడవాళ్లకు అలా వచ్చింది. దాత ముందు అలా కూర్చోలేరు కదా.

గార్లదిన్నె, బుధవారం

హైదరాబాద్ – బెంగళూరు హైవే గార్లదిన్నె మీదుగానే పోతుంది. ఒకప్పుడు ఏడో నంబరు, ఇప్పుడు నలభై నాలుగు. రాత్రంతా లారీల హోరే. నిన్న రాత్రి తొమ్మిదింటికి ఒక మోటారుసైకిల్ అబ్బాయి డివైడర్‌ని కొట్టుకుని పడ్డాడు. టీకొట్టు దగ్గరున్న ముగ్గురు ఫోన్లు తీశారు. ముగ్గురూ నొక్కింది ఒకే నంబరు. బండి వచ్చింది, అబ్బాయిని అనంతపురం తీసుకెళ్లారు. కాలు విరిగిందట, ప్రాణానికి భయం లేదని పొద్దున కబురు తెలిసింది.

ఆ నంబరు వెనకున్న కథ నీ ఉద్యోగానికి పాఠ్యపుస్తకం లాంటిది.

108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. దాన్ని నడిపిన ఈఎంఆర్ఐ సంస్థను పెట్టింది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం. అంతకుముందు 2001లో తండ్రి పేరు మీద బైర్రాజు ఫౌండేషన్ పెట్టి, పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు, మంచినీటి ప్లాంట్లు నడిపిందీ వాళ్లే. మంచి పని అని అందరూ అన్నారు. నిజంగానే మంచి పని. ఆ మంచి పనికి డబ్బు ఏ కుటుంబం నుంచి వస్తోందో ఆ కుటుంబమే బోర్డులో పెద్ద కుర్చీలో కూర్చోవడం గురించి ఆ రోజుల్లో అడిగినవాళ్లు తక్కువ.

2009 జనవరి 7న సత్యం లెక్కల్లో ఏళ్ల తరబడి వేల కోట్లు లేనివి ఉన్నట్టు చూపించామని రాజు స్వయంగా ఉత్తరం రాశారు. దేశమంతా షేర్ల గురించి, యాభై వేల మంది ఉద్యోగుల గురించి మాట్లాడుతుంటే, అదే రోజు రాత్రి అంబులెన్సుల్లో డ్యూటీ చేసిన డ్రైవర్ల మనసులో ఏముండి ఉంటుంది? రేపు డీజిల్ ఎవరు కొట్టిస్తారు? జీతం ఎవరిస్తారు?

బండ్లు ఆగలేదు. అప్పటికే ఈఎంఆర్ఐకి రాష్ట్ర ప్రభుత్వంతో రాతపూర్వక ఒప్పందం ఉంది. నడిపే ఖర్చులో 95 శాతం సర్కారు ఖజానా నుంచే వస్తోంది. సంస్థ కంపెనీలో ఒక విభాగం కాదు, విడిగా రిజిస్టరై ఉంది. అందుకే ఆ ఏడాదే జీవీకే సంస్థ వచ్చి బాధ్యత తీసుకోగలిగింది. బైర్రాజు ఫౌండేషన్‌కి అలాంటి ఆసరా లేదు. కంపెనీ పేరు కూలగానే దాని కాళ్ల కింద నేల కదిలింది.

తరవాత కూడా ఆంధ్రప్రదేశ్‌లో 108 చేతులు మారుతూనే వచ్చింది. 2017లో బీవీజీ, 2020లో అరబిందో. 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ నుంచి 108 అంబులెన్సులు, 104 సంచార వైద్య వాహనాలు కలిపి 1,088 బండ్లు ఒకేసారి బయల్దేరిన దృశ్యం టీవీలో నాన్న మనల్ని పిలిచి మరీ చూపించారు, గుర్తుందా? బండి మీద రంగు మారింది, తలుపు మీద పేరు మారింది. టీకొట్టు దగ్గర ముగ్గురు నొక్కిన నంబరు మాత్రం మారలేదు.

కంపాలాలో నీ ముందు పెట్టే ప్రతి ప్రాజెక్టు ఫైలులోనూ ముందు ఇది వెతుకు: కంపెనీకి కష్టకాలం వస్తే ఈ క్లినిక్ ఖర్చు ఎవరిది అని ఎక్కడన్నా రాసి ఉందా? రాసి లేకపోతే ఫోటోలు ఎంత బాగున్నా సంతకం పెట్టడానికి తొందరపడకు.

బత్తలపల్లి, శుక్రవారం

అనంతపురంలో ఉగ్గాని, బజ్జీ తిని కదిరి బస్సెక్కింది మీ అక్క. జిల్లా విడిపోయాక బత్తలపల్లి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. బస్సు దిగినవాళ్లలో ముప్పాతిక మంది ఒకే వైపు నడిచారు. చేతిలో స్కానింగ్ కవర్లు, సంచిలో ప్లాస్కు, చంకలో బిడ్డ. అడగకుండానే తెలిసిపోతుంది, ఆర్డీటీ ఆసుపత్రికని.

విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టి, జెస్యూట్‌గా 1952లో ఇండియా వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర రైతులతో పనిచేస్తుంటే 1968లో దేశం విడిచి వెళ్లమన్నారు. మరుసటి ఏడాది తిరిగి వచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. 1969లో పుట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టే ఈ ఆర్డీటీ. తరవాత ఆయన జెస్యూట్ క్రైస్తవ సభ నుంచి బయటికి వచ్చి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన జర్నలిస్టు అన్నేను పెళ్లి చేసుకున్నారు. 2009 జూన్‌లో అనంతపురంలోనే కన్నుమూశారు. బత్తలపల్లితోపాటు కళ్యాణదుర్గం, కణేకల్లులోనూ ట్రస్టు ఆసుపత్రులు నడిపింది. హెచ్ఐవీ పేరెత్తితేనే జనం ముఖం తిప్పుకున్న కాలంలో ఆ రోగులను చేర్చుకున్న ఆసుపత్రి ఇది. ఆ జబ్బుకు అరబిందో, హెటెరో లాంటి హైదరాబాద్ కంపెనీలు చేసే మందులే ఆఫ్రికా దేశాల క్లినిక్కులకూ వెళ్తాయి. నువ్వు వెళ్లేచోట డబ్బాల మీద మన ఊరి పేరు కనిపిస్తే ఆశ్చర్యపోకు.

డబ్బు సంగతి. స్పెయిన్‌లో 1996లో ఫెర్రర్ పేరిట ఫౌండేషన్ ఏర్పడింది. అక్కడి మామూలు కుటుంబాలు నెలనెలా కొంత మొత్తం ఇచ్చి ఇక్కడొక బిడ్డకు అండగా నిలుస్తాయి. ఒక పెద్ద కంపెనీ కాకుండా వేలాది చిన్న దాతలు. అందుకే ఒక్క దాత మనసు మారినంత మాత్రాన ఆసుపత్రి దీపం ఆరదు. స్పెయిన్ చట్టం ప్రకారం ఫౌండేషన్ల లెక్కల మీద అక్కడి ప్రభుత్వ పర్యవేక్షణ ఉంటుంది. ఇక్కడికొచ్చేసరికి విదేశీ విరాళాల చట్టం. 2020 సవరణ తరవాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. కార్యాలయ ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 దాకా ఉండేది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదు. అనుమతి అయిదేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి.

పరాయి డబ్బు మీద అడిగే అధికారం దేశానికి ఉండాల్సిందే. ఆ విషయంలో మీ అక్కకు రెండో మాట లేదు. కాని 2025లో ఆర్డీటీ అనుమతి పునరుద్ధరణ ఆగిపోయిందన్న కబురుకి ఈ రెండు జిల్లాల్లో జనం రోడ్డెక్కి ర్యాలీలు తీశారు. బస్టాండులో పక్కన కూర్చున్న నడివయసు మనిషి అందులో నడిచాడట. కళ్యాణదుర్గం దగ్గర పల్లె. "మా యమ్మకు ఆపరేషన్ ఈడే జేసినారు. కాయితం లేదంటే యాడికి పోవల్ల సామీ మేము?" అన్నాడు. కోపంతో అన్న మాట కాదు, నిజంగానే దారి అడుగుతున్నాడు.

ఆ మాట మీ అక్కను రోజంతా వదల్లేదు. లెక్కలు బార్సిలోనా చూస్తుంది, ఢిల్లీ చూస్తుంది. రెండుచోట్లా ఆడిటర్లు ఉన్నారు, గడువులు ఉన్నాయి, ఫారాలు ఉన్నాయి. మంచం మీద పడుకున్న మనిషి తన మాట చెప్పడానికి మాత్రం ఏ ఫారమూ లేదు. ర్యాలీలో నడవడం ఒక్కటే అతనికి దొరికిన దారి. అనుమతి తేలేదాకా మందులు, జీతాలు ఆగకుండా ఆరు నెలల ఖర్చన్నా విడిగా నిల్వ ఉంచమని ఏ చట్టమైనా చెబితే బాగుండు. కనీసం ఫౌండేషన్లు తమకు తామే ఆ నియమం పెట్టుకోవచ్చు.

గార్లదిన్నె, ఆదివారం పొద్దున

మళ్లీ పెద్దమ్మ ఇల్లు. కోటంక సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్లొచ్చాక అరుగు మీద కూర్చుని రాస్తున్న ఉత్తరం ఇది. వీధిలో బుడ్డలు పీకే కూలీలు ట్రాక్టరెక్కుతున్నారు.

నీ ఆఫ్రికా సంగతికి వద్దాం. 1987 అక్టోబరులో మెర్క్ అనే అమెరికా మందుల కంపెనీ, నదీ అంధత్వం అనే జబ్బుకు తన మెక్టిజాన్ మాత్రను ఎంత కావాలంటే అంత, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉచితంగా ఇస్తానంది. నల్ల ఈగ కుట్టి, పురుగులు చర్మంలో చేరి, చివరికి చూపు పోయే జబ్బది. నది ఒడ్డు పల్లెల్లో ముసలివాళ్లను పిల్లలు కర్ర పట్టి నడిపించుకుపోయేవారు.

సొంత మందును సొంతంగా పంచితే చిక్కుంది. ఎవరికివ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది కంపెనీయే తేల్చకూడదు. అందుకని మెర్క్ ఆ నిర్ణయాన్ని తన చేతుల్లోంచి తీసి, అట్లాంటాలో విలియం ఫెగే అధ్యక్షతన బయటి నిపుణుల కమిటీకి అప్పగించింది. మశూచిని తుడిచిపెట్టిన వైద్యుల్లో ఆయన ఒకరు. మధ్య ఆఫ్రికా అడవుల్లో లోవా లోవా అనే మరో పురుగు ఒంట్లో ఉన్నవాళ్లకు ఈ మాత్ర ప్రమాదమని తేలినప్పుడు, అక్కడ జాగ్రత్తగా, వైద్యుల పర్యవేక్షణలోనే ఇవ్వాలని నియమాలు వచ్చాయి. దాత చెయ్యి చాచినా "ఇక్కడ ఆగండి" అనగలిగే మనిషి బల్లకు అవతల ఉన్నాడన్నమాట.

పంచడంలో ఇంకా ముచ్చటైన సంగతి ఉంది. 1995లో మొదలైన ఆఫ్రికా కార్యక్రమంలో మాత్రలు ఎవరు పంచాలో పల్లె జనమే కూర్చుని ఎంచుకునేవారు. తూకం యంత్రాలు లేనిచోట గీతలు గీసిన కర్ర పక్కన మనిషిని నిలబెట్టి, ఎత్తును బట్టి ఎన్ని మాత్రలో చెప్పేవారు. చదువు లేకపోయినా లెక్క తప్పదు. తప్పితే పక్కింటావిడే పట్టుకుంటుంది. 2025 జనవరిలో ఈ జబ్బును వదిలించుకున్న తొలి ఆఫ్రికా దేశంగా నైజర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. బత్తలపల్లి బస్టాండులో ఆ మనిషికి లేనిది ఆ పల్లెల్లో కొంతైనా ఉంది, తమ తరఫు మనిషిని ఎంచుకునే వీలు.

మన చట్టం మాటొకటి, నీకు తెలిసిందే అయినా గుర్తు చేస్తుంది మీ అక్క. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. దేశం బయట చేసిన ఖర్చు ఆ లెక్కలోకి రాదు, అంతర్జాతీయ పోటీలకు మన క్రీడాకారులకిచ్చే శిక్షణ తప్ప. కాబట్టి మీ కంపెనీ ఉగాండాలో పెట్టే ప్రతి రూపాయీ ఆ రెండు శాతానికి అవతలిదే. ఏ ఖాతా నుంచి, ఎవరి తీర్మానంతో వెళ్తోందో మొదటి రోజే అడుగు. అదే చట్టం కంపెనీ ఉన్న చుట్టుపక్కలకు ముందు చూడమంది. ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది కాబట్టి పెనుకొండ వైపు ఆ చూపు పడుతుంది. బుడ్డలు తప్ప ఇంకేమీ తయారుకాని పల్లెకు ఎవరి చూపు? ఈ నియమం కరువు నేలకు అన్యాయం చేస్తోందని మీ అక్క గట్టి అభిప్రాయం. ఈసారి పత్రికలో అదే రాయబోతోంది.

కంపాలా వెళ్లాక మీ ఆఫీసులో కూర్చుని ఫైళ్లు చూసేముందు ఏదో ఒక క్లినిక్ బయట బెంచీ మీద ఒక పూట కూర్చో. ఎంత దూరం నుంచి వచ్చారో, మందు లేదంటే ఎవరికి చెప్పుకుంటారో అడుగు. భాష రాకపోతే ఆయమ్మల్లో ఒకరిని తోడు తీసుకో.

పెద్దమ్మ చేలోవే, పచ్చి బుడ్డలు మూడు కిలోలు గోనెసంచిలో కట్టి అనంతపురం నుంచి పార్సిల్ వేస్తోంది మీ అక్క. రెండు రోజుల్లో అందుతాయి. తడి ఆరకముందే ఉప్పేసి ఉడకబెట్టమని అమ్మకు చెప్పు. నాన్న పళ్లకు వేయించినవి కష్టం.

అక్క